రాగి తీగను కాపాడమంటున్న పాత సహోద్యోగులకు ఒక బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల విశ్రాంత టెలికాం ఉద్యోగ మిత్రులకు,

నమస్కారం.

మీరంతా కలిసి రాసిన వినతిపత్రం చిత్తు నాకూ అందింది. ఢిల్లీలో టెలికాం శాఖకు పంపేముందు పాతవాళ్ళందరి సంతకాలూ ఉంటే బరువుగా ఉంటుందని, ఆదివారంలోగా నాది కూడా పెట్టి పంపమని కబురు చేశారు. చదివాను. ఇప్పుడున్నట్టుగా అయితే నేను సంతకం పెట్టలేను. ఆ మాట ఫోన్లో చెప్పి ఊరుకోవచ్చు. కానీ మీ చిత్తు అప్పుడే వాట్సాప్‌లో ఊళ్ళు తిరుగుతోంది. "ఏంది సార్, ఫైబర్ వద్దని మీవాళ్ళే రాస్తున్నారంట గదా" అని మా చుట్టుపక్కల సర్పంచులు అడుగుతున్నారు. మాట బజారులో పడింది కాబట్టి జవాబూ బజారులోనే చెప్తున్నాను.

మీరు అడుగుతున్నది ఇదీ: పల్లెల్లో భూమిలో పాతిపెట్టిన రాగి కేబుళ్ళు ఇంకా ఉన్నాయి, వాటిని బాగుచేసి వీడీఎస్ఎల్ (పాత ఫోను తీగ మీదే వేగంగా ఇంటర్నెట్ పంపే పద్ధతి) పెడితే ఇంటికి 100 ఎంబీపీఎస్ వస్తుంది, ఇంటింటికీ కొత్తగా ఫైబర్ (వెలుగుతో సిగ్నల్ మోసే గాజు పోగు) లాగడం ప్రజాధనం దండగ, ఫైబరేమో పదేపదే తెగిపోతోంది, తుపాను రాత్రి రాగి ఫోను మోగినట్టు ఫైబర్ ఫోను మోగదు, ఆస్ట్రేలియా అంతటి దేశం కూడా రాగినే వాడుకుంది. వీటిలో కొన్ని నిజాలు ఉన్నాయి. అందుకే కొట్టిపారేయకుండా ఇంత పొడుగు లేఖ రాస్తున్నాను.

ముందు మీ చేతిలో ఉన్న పెద్ద ముక్క, కరెంటు సంగతి. ఊరంతా చీకటైనా ల్యాండ్‌లైన్ ఎందుకు పలికేదో జనానికి తెలియకపోయినా మనకు తెలుసు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీ గది, ఆ గదిలోంచి 48 వోల్టులు, అదే రాగి జత మీద ఇంటిదాకా వచ్చేది. ఫోనుకు వేరే కరెంటు అక్కర్లేదు. మోగినప్పుడు మాత్రం 75 వోల్టులు. చేతిలో పేర్, అదే ఆ రాగి జత, పట్టుకుని ఉండగా రింగు వస్తే ఏమయ్యేదో నిచ్చెన మీద నిలబడ్డ ప్రతివాడికీ గుర్తుంటుంది. వాయుగుండం పట్టిన రాత్రుల్లో తీరం ఊళ్ళ నుంచి తాసిల్దారు ఆఫీసుకు కబురు ఆ తీగ మీదే వచ్చేది. ఆ రోజుల గురించి మీరు రాసిన పేరా చదువుతుంటే నాకూ గుండె ఉబ్బింది.

కానీ ఆ 48 వోల్టులు మాటకే సరిపోతాయి. అదే రాగి మీద ఇంటర్నెట్ కావాలంటే ఇంట్లో మోడెమ్ ఉండాలి, దాన్ని గోడ ప్లగ్గుకే గుచ్చాలి. మీరు అడుగుతున్న వీడీఎస్ఎల్‌కు ఇంకో తలనొప్పి ఉంది. దాని పెట్టె వీధిలో ఉండాలి, ఆ పెట్టెకు మీటరు, బ్యాటరీ, ఫ్యాను కావాలి. ఎండాకాలం మన దగ్గర వీధిలో పెట్టిన ఇనుపపెట్టె లోపల ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. ఫైబర్ దారిలో అయితే ఎక్స్ఛేంజికీ ఇంటికీ మధ్య ఉండి, ఒక పోగును చాలా ఇళ్ళకు పంచే స్ప్లిటర్‌కు కరెంటే వద్దు. అరచేతిలో పట్టే డబ్బా, స్తంభానికి కట్టి వదిలేయొచ్చు. ఇంట్లో ఫైబర్ మోడెమ్‌కు పది వాట్లు ఉంటే చాలు, చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కొన్ని గంటలు లాగుతుంది. అంటే బ్రాడ్‌బ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి కరెంటు లెక్క రాగికి ఎదురు తిరుగుతోంది. మీ చిత్తులో మాట సంగతీ, బ్రాడ్‌బ్యాండ్ సంగతీ కలిసిపోయాయి.

ఇక ఆ 100 ఎంబీపీఎస్. మీరు చూసిన కాగితం అబద్ధం చెప్పలేదు, దూరం చెప్పలేదు అంతే. వీడీఎస్ఎల్‌లో 100 రావాలంటే పెట్టె నుంచి ఇల్లు అరకిలోమీటరు లోపల ఉండాలి. కిలోమీటరు దాటితే సగానికి పడుతుంది, ఒకటిన్నర దాటితే దీనికి ముందుతరం పద్ధతి ఏడీఎస్ఎల్‌కూ దీనికీ తేడా ఉండదు. దాంట్లో మెరుగైన రకం ఏడీఎస్ఎల్ 2 ప్లస్ అయినా కాగితం మీద 24 ఎంబీపీఎస్, నాలుగైదు కిలోమీటర్లు పోయాక రెండు మూడు దక్కితే గొప్ప. సోమశిల నుంచి వదిలిన నీళ్ళు చివరి ఆయకట్టుకు చేరేసరికి ఎంత మిగులుతాయో మన రైతులకు తెలుసు, రాగిలో సిగ్నల్ నడక కూడా అంతే. అర మిల్లీమీటరు మందం రాగి జతలో ఒక మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక్క కిలోమీటరుకే దాదాపు వందో వంతుకు పడిపోతుంది. గాజు పోగులో వెలుగు పది కిలోమీటర్లు పోయినా సుమారు సగం మిగులుతుంది. ఎవరి మీద ఎవరికి ఎంత ప్రేమ ఉన్నా ఈ లెక్క మారదు.

మన ఊళ్ళ దూరాలు చూడండి. ఎక్స్ఛేంజి మండల కేంద్రంలో. ఊరు మూడు కిలోమీటర్లు. ఆ ఊరి కింద పాలెం ఇంకో రెండు, దాని అవతల గిరిజన కాలనీ ఇంకో కిలోమీటరు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు ఏ పంచాయతీ తీసుకున్నా ఇదే వరస. మీరు చెప్పే వేగం రావాలంటే ప్రతి పాలేనికీ ఒక పెట్టె పెట్టాలి, ఆ పెట్టెదాకా ఫైబర్ తేవాలి. అంటే ఐదు కిలోమీటర్లు గాజు లాగి, కాలవ దాటించి, రామాలయం దాకా తెచ్చి, అక్కడ ఆపేసి, మిగిలిన మూడొందల మీటర్లకు నలభై ఏళ్ళనాటి రాగి వెతుక్కోవాలి. ఆదా ఎక్కడ జరిగిందో చూపించండి, నేను ఒప్పుకుంటాను.

ఆ రాగి ఏ స్థితిలో ఉందో కూడా మాట్లాడుకోవాలి కదా. పటంలో ఉన్న రాగి వేరు, మట్టిలో ఉన్న రాగి వేరు. తీరం ఊళ్ళలో పనిచేసినవాళ్ళు డీపీ బాక్స్ (ఇళ్ళకు జతలు పంచే పెట్టె) మూత తీసిన ప్రతిసారీ ఏం చూశారో చిత్తులో ఒక్క ముక్క రాయలేదు. పది జతల పెట్టె, ఇరవై మరలు. మూత తీయగానే ఒక బల్లి దూకుతుంది, మూలన చీమలు పెట్టిన మట్టి. మరల మీద పచ్చగా చిలుము. జంపర్ వైరు పట్టుకుని లాగితే చేతికే ఊడొస్తుంది, లోపల రాగి నల్లబడి పొడి పొడిగా రాలుతుంది. బ్లేడుతో గీకి, మెరిసేదాకా తుడిచి, మళ్ళీ మెలేసి బిగిస్తాం. ఉప్పుగాలి ఇంటి చుట్టం లాగా ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి వచ్చే వానాకాలానికి కథ మళ్ళీ మొదలు. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఇదే పాట.

భూమిలోపల సంగతి ఇంకా ఘోరం. జెల్లీ నింపిన కేబుల్‌లోకి నీళ్ళు దిగవని మనకు శిక్షణలో చెప్పారు. కేబుల్లోకి దిగవేమో గానీ, జాయింట్లోకి దిగాయి. కయ్యల గట్ల వెంట వేసిన కేబుల్ ఎన్ని జాయింట్లతో నడిచేదో గుర్తు చేసుకోండి. తర్వాత ఆ కయ్యలే రొయ్యల గుంటలయ్యాయి. ఉప్పునీళ్ళు కట్టిన గుంట పక్కన ఐదడుగుల దూరంలో రాగి జాయింటు. తీగ ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే ముల్లు లేచేదే కాదు. లో ఇన్సులేషన్ అని రాసుకుని, పేర్ మార్చి, ఇంకో పేర్ మార్చి, చివరికి కేబుల్లో మంచి జతలే మిగలక, "లైన్ బాగాలేదమ్మా, వానలు తగ్గనీ" అని చెప్పి వచ్చిన ఇళ్ళు మనందరికీ ఉన్నాయి.

అయినా ఫోను పలికేది కదా అంటారు. పలికేది. మనిషి గొంతుకు 300 నుంచి 3,400 హెర్ట్జ్ ఉంటే చాలు. గరగరమన్నా, పక్కింటి మాట సన్నగా వినపడినా, గట్టిగా అరిచి పని కానిచ్చేవాళ్ళు. ఏడీఎస్ఎల్ 2 ప్లస్‌కు 22 లక్షల హెర్ట్జ్ దాకా కావాలి. వీడీఎస్ఎల్‌కు కోటీ 70 లక్షల దాకా, ఒక రకంలో మూడు కోట్ల దాకా. చిలుము పట్టిన ఆ మర మీద మాట దాటింది గానీ ఇది దాటదు. పైగా ఒకే కేబుల్లో నలుగురు వాడుతుంటే ఒకరి సిగ్నల్ ఇంకొకరిలోకి కారుతుంది. మొదటి ఇంటికి బాగానే వచ్చిన వేగం, వీధిలో ఇరవై ఇళ్ళు చేరాక రాదు. మొదటి ఇంటివాడు మనల్నే తిడతాడు.

ఆస్ట్రేలియా ఉదాహరణ ఎందుకు తెచ్చారో నాకు అర్థం కాలేదు. చిత్తులో మీకు బాగా నష్టం చేసే పేరా అదే. అక్కడ 2009లో కెవిన్ రడ్ ప్రభుత్వం నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ ప్రకటించింది. నూటికి 90 ఇళ్ళకు ఫైబర్, ఖర్చు 4,300 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా అని అంచనా. ప్రతిపక్షం అది దుబారా అంది. వీధి చివరి పెట్టెదాకా ఫైబర్ తెచ్చి, అక్కడి నుంచి ఉన్న రాగినే వాడుకుంటే 2,950 కోట్లలో, తొందరగా అయిపోతుంది అంది. అచ్చం మీ వాదనే. 2013లో వాళ్ళు గెలిచారు, ప్లాను మార్చారు. తర్వాత జరిగింది చూడండి. పాత రాగి పనికిరాని చోట్ల కొత్త రాగి కొనాల్సి వచ్చింది. 2015లో బయటపడ్డ లెక్క ప్రకారం 1,800 కిలోమీటర్ల కొత్త రాగి కేబుల్, కోటీ 40 లక్షల డాలర్లకు. ఖర్చు 2,950 దగ్గర ఆగలేదు. 2018 నాటికి 5,100 కోట్లకు చేరింది. చివరికి 2020 సెప్టెంబరులో, నెట్‌వర్కు కట్టడం అయిపోతోందనగా, 450 కోట్ల డాలర్లతో ఇంకో ప్లాను ప్రకటించారు. దాంట్లో ముఖ్యమైన పని ఏమిటంటే, ఆ రాగి వీధుల్లోకే ఫైబర్ తీసుకెళ్ళడం.

మొదటి నుంచీ ఫైబరే వేసి ఉంటే ఇంతకన్నా తక్కువలో అయ్యేదా అన్నది అక్కడ ఇంకా తెగని వాదనే. నేను తీర్పు చెప్పబోను. ఏ పెద్ద ప్రాజెక్టూ చెప్పిన అంకెలో అయిపోదని మనకు బాగా తెలుసు. కానీ ఒకే వీధిని రెండుసార్లు తవ్వారన్నది మాత్రం తెగిన విషయం. అంత డబ్బున్న దేశమే రెండుసార్లు తవ్వి బాధపడుతుంటే, ఒక్కసారి తవ్వడానికే ఆర్ అండ్ బీ అనుమతి కోసం నెలలు తిరిగే మనం వాళ్ళ మొదటి అడుగును ఎందుకు అనుకరించాలి? అనుకరించాలంటే 2020 అడుగును అనుకరిద్దాం.

ఇంకో ఊరు చెప్తాను, మన తుపాన్లకు దగ్గరగా ఉంటుంది. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చి న్యూయార్కులో దిగువ మన్‌హటన్ మీద సముద్రం ఎక్కింది. అక్కడి రాగి కేబుళ్ళ గదుల్లోకి ఉప్పునీళ్ళు దూరాయి. వెరిజాన్ కంపెనీ ఆ రాగిని బాగుచేయలేదు, దాని బదులు ఫైబర్ వేసింది. ఉప్పునీళ్ళలో మునిగిన రాగి ఏమవుతుందో వాళ్ళకు అప్పుడు తెలిసింది. మనకు ప్రతి నవంబరులోనూ తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు మీ బలమైన ఫిర్యాదుకు వస్తాను: ఫైబర్ తెగిపోతోంది. అవును, తెగిపోతోంది. పంచాయతీ ఆఫీసుదాకా వచ్చి, నెలలో సగం రోజులు చనిపోయి ఉండే ఫైబర్ నేనూ చూశాను. ఎవరు వేశారు, ఎవరు వదిలేశారు అనేది ఇక్కడ రాయను. కానీ ఎందుకలా అయిందో తెలియాలి.

2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఒప్పుకుంది. 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ తీసుకెళ్ళాలని లెక్క. తర్వాత దాని పేరే భారత్‌నెట్. మొదటి దశలో గీత గీసినట్టు వేసుకుంటూ పోయారు. మండలం నుంచి ఒక పంచాయతీ, దాని నుంచి ఇంకోటి, దాని నుంచి ఇంకోటి. మధ్యలో జేసీబీ పన్ను ఒక్కసారి దిగితే అవతల ఉన్న ఊళ్ళన్నీ చీకటి. మన రాష్ట్రం ఇంకో దారి పట్టింది. ఏపీ ఫైబర్‌నెట్ పేరుతో కరెంటు స్తంభాల మీదుగా 23 వేల కిలోమీటర్లకు పైగా కేబుల్ లాగారు, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నప్పుడు మనమే నోరు వెళ్ళబెట్టాం. తొందరగా, చౌకగా వేయాలంటే స్తంభం కన్నా మంచి దారి లేదు. గాలివానకు స్తంభం వాలితే కేబులూ వాలుతుందన్నది దానితోపాటు వచ్చే కష్టం.

నన్నడిగితే రెండూ కావాలి. మండలాల మధ్య ప్రధాన లైను భూమిలో, ఊళ్ళోకి వచ్చాక స్తంభం మీద. చీమకుర్తి వైపు బండరాయిలో ఇంటింటికీ గుంట తవ్వమంటే కాంట్రాక్టరు పారిపోతాడు. డెల్టాలో భూమి మెత్తగా ఉంటుంది గానీ, గట్లు వెడల్పు చేసే పొక్లెయిన్‌కు కేబుల్ కనపడదు. తవ్వేముందు చెప్పండి అంటూ కేంద్రం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. మా మండలంలో ఒక జేసీబీ డ్రైవర్‌ను అడిగాను. ఆ పేరే వినలేదన్నాడు. తప్పు వాడిది కాదు, ఓనరు గంటల లెక్కన పని చూపిస్తాడు, వాడు తవ్వుతాడు.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, అక్కడే జాతీయ రహదారీ దెబ్బతింది. అలాంటి కట్టలో పాతిన కేబుల్ కట్టతోపాటే పోతుంది. అది రాగా, గాజా అని నది అడగదు. అలాంటప్పుడు ఇంకోవైపు నుంచి, పొదలకూరు మీదుగానో ఆత్మకూరు మీదుగానో చుట్టు తిరిగి దారి ఉండాలి. 2023 ఆగస్టులో భారత్‌నెట్‌కు కేంద్రం 1,39,579 కోట్లతో మార్పులు చేసినప్పుడు ఈ రింగు పద్ధతే పెట్టింది. పదేళ్ళ నిర్వహణ కూడా అందులోనే కలిపింది. మనం పట్టుకోవాల్సిన కొస ఇక్కడుంది. మీ చిత్తులో ఈ ప్రస్తావనే లేదు.

ఎందుకంటే నిజంగా మనకు కొరత వచ్చింది తీగకు కాదు, మనిషికి. 2020 జనవరి 31న ఒక్కరోజే బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా వీఆర్ఎస్ మీద ఇళ్ళకు వచ్చాం. రాగి అన్నేళ్ళు బతికింది దాని గొప్పతనం వల్ల అనుకుంటున్నాం. కాదు, సైకిలు మీద నిచ్చెన కట్టుకుని వాన వెలిసీ వెలవకముందే బయల్దేరిన మనుషుల వల్ల బతికింది. రోజూ ఎవరో ఒకరు గీకి, తుడిచి, మెలేస్తే తప్ప ఆ తీగ పలకదు. ఈరోజు రాగి కాపాడమని కాగితం పంపి, ప్రభుత్వం సరేనని సంతకం పెట్టినా, డీపీ ఎక్కేదెవరు? మనమా? మోకాళ్ళ నొప్పులతో రెండో మెట్టు ఎక్కలేం.

ఫైబర్‌కూ మనిషి కావాలి, కానీ వేరే రకంగా. కిందటి వానాకాలం మా రోడ్డు పక్కన తెగిన కేబుల్ అతికిస్తున్న కుర్రాడి దగ్గర నిలబడ్డాను. బైకు సీటు మీద గొడుగు, గొడుగు కింద చిన్న పెట్టెంత మిషను. పోగు పైన రంగు పూత గీకాడు. లోపల గాజు దాదాపు వెంట్రుకంత సన్నం, 125 మైక్రాన్లు. స్పిరిట్ గుడ్డతో తుడిచాడు, కట్టర్‌లో పెట్టి టక్కుమనిపించాడు, రెండు కొసలూ మిషన్లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. తెర మీద రెండు కొసలూ ఒకదానికొకటి జరుగుతూ వచ్చి, ఒక మెరుపు మెరిసి, ఒకటైపోయాయి. అతికిన చోట సిగ్నల్ నష్టం 0.02 డెసిబెల్ అని చూపించింది. దాని మీద స్లీవు తొడిగి వేడి చేశాడు. నాలుగు మాటలు మాట్లాడేలోపు ఒక పోగు అయిపోయింది. ఎక్కడ తెగిందో ఎలా తెలిసిందయ్యా అంటే, ఓటీడీఆర్ అని, పోగులోకి వెలుగు పంపి దూరం కొలిచే పరికరం పెడితే, మండలం నుంచి ఎన్ని మీటర్లో చెప్పేస్తుందన్నాడు. మనం పిల్లర్ (పెద్ద కేబుల్ పెట్టె) నుంచి డీపీకి, డీపీ నుంచి పిల్లర్‌కు పొద్దస్తమానం నడిచిన నడక వాడికి లేదు.

మరి నెలలో సగం రోజులు ఎందుకు చచ్చిపోయి ఉంటోందని అడిగాను. ఆ కుర్రాడు ఒక్కడే చాలా మండలాలు తిరుగుతాడు. మిషను కూడా ఒక్కటే. అది ఇంకోచోట ఉంటే వీడు ఖాళీ. పైగా కాంట్రాక్టు మనిషి, జీతం ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇదీ అసలు జబ్బు. దీనికి రాగి మందు కాదు.

మరికొన్ని చిన్న విషయాలు. దొంగలు రాగిని కిలోల లెక్కన అమ్ముకున్నారు, గాజును ఎవరూ కొనరు. రాగి అనుకుని ఫైబర్ నరికి చూసి వదిలేసే తెలివైనవాళ్ళూ ఉన్నారు, అది వేరే సంగతి. పిడుగు తాటిచెట్టు మీద పడితే రాగి ఆ దెబ్బను ఇంట్లోకి మోసుకొచ్చి మోడెమ్ కాల్చేది, ఎక్స్ఛేంజిలో కార్డులు కాల్చేది. గాజు ఆ పని చేయదు. స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ కేబుల్లో బలానికి వేసే ఇనుప తీగను మాత్రం ఇంటి బయటే ఆపేయాలి. ఇక 5జీ ఉండగా ఏ తీగా ఎందుకని అడిగే కుర్రాళ్ళకు: ఆ టవర్ కింద తవ్వి చూడండి, ఫైబరే ఉంటుంది.

"పల్లెకు 10 ఎంబీపీఎస్ చాలు" అని మీరు రాసిన వాక్యం మాత్రం దయచేసి కొట్టేయండి. నాకు కోపం వచ్చింది అక్కడే. 2004లో మన దేశంలో 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2013లో 512 అన్నారు. 2023లో 2 ఎంబీపీఎస్ చేశారు. మధ్యలో 2018 జాతీయ విధానం ప్రతి పౌరుడికీ 50 అని రాసుకుంది. చాలు అనుకున్న అంకె ప్రతిసారీ చాల్లేదు. పైగా వచ్చే వేగం ఒక్కటే చూస్తే ఎట్లా, పోయే వేగం కూడా చూడాలి. ఏడీఎస్ఎల్ 2 ప్లస్‌లో ఇంటి నుంచి బయటకు పోయేది ఒక ఎంబీపీఎస్ చుట్టుపక్కలే. చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలక కొనేవాడు ఇప్పుడు వీడియోలో రాయి అంచు దగ్గరికి తెచ్చి చూపించమంటాడు. పెళ్ళి వీడియో తీసినవాడు రాత్రంతా అప్‌లోడ్ పెట్టి పడుకుంటాడు. ఊళ్ళో పిల్ల ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో కూర్చుంటే అవతలివాళ్ళకు ఆమె ముఖం ఆగి ఆగి కనపడుతుంది, టెన్షన్ ఆమెకు. ఒక గాజు పోగును జీపాన్ అనే పంపకం పద్ధతిలో 32 ఇళ్ళకు పంచినా, అందరూ ఒకేసారి వాడినా, ఇంటికి వచ్చే వేగం డెబ్బై చిల్లర ఎంబీపీఎస్ ఉంటుంది. రేపు చాలకపోతే రెండు కొసల్లో పెట్టెలు మార్చి, అదే పోగు మీద నాలుగింతలు పంపొచ్చు. మళ్ళీ తవ్వక్కర్లేదు. టౌనువాళ్ళకు ఇచ్చి పల్లెకు ఇది చాలని మనమే రాస్తే, రేపు మన మనవళ్ళకు ఏం చెప్తాం?

మీతో నేను గట్టిగా ఏకీభవించేది ఒక్క చోట. ఫైబర్ వచ్చిందని చెప్పి, దాని ఫోను నిలకడగా పలికేదాకా పాత రాగి లైన్లు తెగ్గొట్టకూడదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు, ఇంకా ఆ నల్ల ఫోను మీదే ఆధారపడ్డవాళ్ళు కొందరు ఉన్నారు. బ్రిటన్‌లో కూడా 2025 డిసెంబరుకు రాగి ఫోన్లు ఆపేస్తామన్నవాళ్ళు, మెళ్ళో అలారం బటన్ వేసుకుని బతికే వృద్ధుల సంగతి తేలక, 2027 జనవరికి వాయిదా వేసుకున్నారు. మనమూ ఆ జాగ్రత్త అడుగుదాం. ఎక్స్ఛేంజి పక్కనే ఉండి, మెగ్గర్‌కు నిలబడే లైన్లు నడిచినన్నాళ్ళు నడవనిద్దాం. వాటిని చూపించి ఐదు కిలోమీటర్ల అవతల పాలేనికి ఫైబర్ ఆపమనొద్దు.

కాబట్టి చిత్తులో నేను కోరే మార్పులు ఇవి. రాగి మీద వీడీఎస్ఎల్ అన్న పేరా, ఆస్ట్రేలియా పేరా, ఆ పది ఎంబీపీఎస్ వాక్యం తీసేయండి. వాటి స్థానంలో, ప్రతి రెండు మూడు మండలాలకు పోగులు అతికించే స్ప్లైసింగ్ మిషను ఒకటి, ఒక ఓటీడీఆర్, నెలజీతం పడే ఇద్దరు మనుషులు ఉండాలని అడగండి. ఆ పదేళ్ళ నిర్వహణ డబ్బులోంచే ఇది సాధ్యం. లైను తెగితే ఎన్ని గంటల్లో బాగుచేయాలో, చేయకపోతే కాంట్రాక్టరుకు ఎంత కోతో పంచాయతీ గోడ మీద రాయించమనండి. భూమిలోంచి తీసిన పాత రాగి తుక్కుగా అమ్మితే వచ్చే డబ్బు ఎటో పోకుండా, అదే మండలంలో ఇళ్ళకు ఫైబర్ డ్రాప్ లాగడానికి పెట్టమనండి. ఐటీఐ చదివిన పిల్లలకు ఈ పని నేర్పించే బాధ్యతలో మనల్నీ వాడుకోమనండి. జాయింటు ఎక్కడ పెట్టకూడదో, ఏ గట్టు కింద నీళ్ళు ఊరతాయో, ఏ కల్వర్టు ఏటా కొట్టుకుపోతుందో వాళ్ళ మ్యాపులో ఉండదు, మన తలల్లో ఉంది. నెల్లూరు డివిజన్ కేబుల్ దారుల్ని కాగితం మీద గీసిపెట్టే పని నేను ఇప్పటికే మొదలుపెట్టాను. ఒంగోలు వైపు తెలిసినవాళ్ళు సింగరాయకొండ, కొత్తపట్నం, టంగుటూరు దారులు గీసి పంపితే కలుపుతాను.

ఆదివారం గడువు వచ్చే ఆదివారానికి జరపండి. మార్చిన చిత్తు పంపండి, అందిన రోజే సంతకం పెట్టి, సర్పంచుల సంతకాలు కూడా చేయించి నేనే పోస్టు చేస్తాను.

ఇట్లు,
మీ పాత సహోద్యోగి,
ముత్తుకూరు మండలం, నెల్లూరు జిల్లా.